సైట్ మీద దెబ్బ తగిలితే: రిపోర్టులో ఏం రాశారో ముందు చూడండి

ఈ వారం ఎపిసోడ్‌లో యూఏఈలో పని మీద దెబ్బ తగిలితే కంపెనీ ఏం ఇవ్వాలో మాట్లాడుకున్నాం. వింటూ లెక్కలు రాసుకోవడం కష్టం కదా, అందుకే ఇక్కడ పెడుతున్నా. నేను లాయర్‌ని కాదు, ఐటీఐ చేసి సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి. కానీ ప్రమాదం జరిగితే మొదటి కాగితం రాసేది మాలాంటోళ్లమే.

కంపెనీ ఇవ్వాల్సింది

ఇది ప్రైవేటు కంపెనీల్లో చేసేవాళ్లకు. ఇంటి పనివాళ్లకు చట్టం వేరే. 2021లో వచ్చిన 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పని వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కంపెనీదే. కోలుకునేదాకా, లేదంటే అంగవైకల్యం అని తేలేదాకా. పని చేయలేని రోజులకు మొదటి 6 నెలలు పూర్తి జీతం, తర్వాత 6 నెలలు సగం జీతం.

"నువ్వే చూసుకోలేదు" అన్నంత మాత్రాన పరిహారం ఆపడానికి లేదు. కావాలని దెబ్బ తగిలించుకున్నా, మందు మత్తులో ఉన్నా, బోర్డు పెట్టిన సేఫ్టీ రూల్‌ను తెలిసి తెలిసి తప్పినా, కారణం లేకుండా వైద్యానికి ఒప్పుకోకపోయినా మాత్రం అది పోతుంది. అందుకే హార్నెస్ ప్రాణానికే కాదు, కేసుకు కూడా కావాలి.

బేసిక్ ఎంతో చూసుకోండి

ప్రాణం పోయినా, ఇక పనే చేయలేని స్థితి వచ్చినా పరిహారం 24 నెలల బేసిక్ జీతం. 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2,00,000 దాటకూడదు. వేలు, కన్ను లాంటివి పోతే నిబంధనల్లోని పట్టిక ప్రకారం శాతం కడతారు.

చేతికి 1,500 వస్తున్నా, కాంట్రాక్టులో బేసిక్ 800 అని ఉంటే లెక్క 800 మీదే: 19,200 దిర్హాములు. బేసిక్ 600 అయితే 14,400 వస్తుంది కాబట్టి కనీసం 18,000 ఇవ్వాలి. సంతకం పెట్టేటప్పుడు అందరూ మొత్తం జీతమే చూస్తారు, బేసిక్ గడి కూడా చూడండి. గ్రాట్యుటీ దీనికి సంబంధం లేదు, అది విడిగా రావాలి.

మొదటి కాగితం

నేను చూసిన ఒక సైట్‌లో షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు. "ప్రమాదం లేని రోజులు" బోర్డు మళ్లీ సున్నాకు పోతుందని, క్యాంపు బాత్‌రూమ్‌లో జారిపడ్డాడని రాయమన్నారు. అట్లా రాస్తే అది పని మీద దెబ్బే కాదు. పైన చెప్పిన జీతం, పరిహారం అన్నీ ఆ ఒక్క వాక్యంతో పోతాయి. మేం జరిగింది జరిగినట్టే రాశాం.

కంపెనీకి తెలిసిన 48 గంటల్లో కార్మిక మంత్రిత్వ శాఖకు చెప్పాలి. దెబ్బ తగిలినవాళ్ల తరఫున తోటివాళ్లు చేయాల్సినవి:

- ఆసుపత్రిలో డాక్టరుకు "డ్యూటీలో, ఫలానా చోట" అని స్పష్టంగా చెప్పాలి. రిపోర్టు ఫోటో తీసుకోవాలి.
- జరిగిన చోటును, టైమ్‌ను ఫోటో తీసి, చూసినవాళ్ల నంబర్లు రాసుకోవాలి.
- అరబీలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం అర్థం కాకపోతే సంతకం పెట్టొద్దు. ముఖ్యంగా "మొత్తం ముట్టింది" అనే కాగితం.

కంపెనీ వినకపోతే

మంత్రిత్వ శాఖ నంబరు 80084. మన కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342, ఫోన్ ఉచితం. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 2 ఏళ్లలోపు కేసు వేయాలి. కంపెనీ నిర్లక్ష్యం మీద నష్టపరిహారం అడగడం వేరే దావా, దానికి లాయర్‌ను కలవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ సంగతి చాలా ఇళ్లల్లో తెలియదు. ఈ రాత్రే కాంట్రాక్టు, పాలసీ ఫోటోలు ఇంటికి వాట్సాప్ చేయండి. మనకేమన్నా అయితే వెతకాల్సింది వాళ్లే.