గురిగిలోంచి తీస్తే రాసి పెట్టండి

మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక గల్లగురిగి ఉండేది. మట్టిది, జనగామ అంగట్లో అమ్మ కొన్నది. దసరా రోజు జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే పెద్దవాళ్లిచ్చే పది రూపాయలు, చుట్టాలు పోతూ పోతూ చేతిలో పెట్టే ఇరవై, అన్నీ అందులోకే. సైకిల్ కొనాలని ఐదో తరగతిలో మొదలుపెట్టాను. ఏడో తరగతిలో ఒకరోజు బడి నుంచి వచ్చి చూస్తే గూడు ఖాళీ. పెంకులు కూడా లేవు.

ఆ వానాకాలం పత్తి గింజలకు బాపుకు పైసలు తక్కువ పడ్డాయి. "పత్తి అమ్మినంక ఇస్త బిడ్డా" అన్నాడు. ఆ ఏడాది పత్తి అంతంతమాత్రమే వచ్చింది. ఎంత పోయిందో కూడా నాకు తెలియదు. మట్టి గురిగిలో ఎంతుందో పగలగొట్టినవాళ్లకే కదా తెలిసేది!

ఇప్పుడు ఆలోచిస్తే బాపుది తప్పనిపించదు. గింజలు పడకపోతే ఇల్లు గడవదు. కానీ నాకు మాత్రం ఒక పాఠం బాగా వంటబట్టింది: చేతికొచ్చిన పైసలు ఆ రోజే ఖర్చు పెట్టేయాలి, లేకపోతే ఎవరో తీసుకుంటారు. ఇంజనీరింగ్ అయ్యి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక కూడా అదే తీరు. జీతం పడ్డ ఇరవై రోజులకే ఖాతా ఖాళీ, ఆ పైన క్రెడిట్ కార్డు. దాని బాకీ తీర్చడానికి రెండేళ్లు పట్టింది.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 28 మంది పిల్లలతో ఒక పరీక్ష చేశారు. ముందు "మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తాం, ఆగండి" అన్నారు. సగం మందికి తెచ్చిచ్చారు, మిగతా సగానికి ఉత్త చేతులు చూపించారు. తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబడిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసిన పిల్లలు మూడు నిమిషాలకే తినేశారు. ఓపిక లేక కాదు, నమ్మకం లేక. 2013లో అచ్చయిన ఈ పరిశోధన చదివినప్పుడు నాకు మా దేవుడి గూడే గుర్తొచ్చింది.

విచిత్రమేంటంటే, అదే ఇంట్లో అమ్మ దాచిన పైసలను మాత్రం బాపు ఎన్నడూ ముట్టలేదు. ముట్టడానికి వీల్లేదు, అవి పొదుపు సంఘంలో ఉండేవి. మన ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఈ సంఘాలు కొత్త కాదు. 1990ల నుంచి సహవికాస అనే సంస్థ ఇక్కడా, కరీంనగర్‌లోనూ ఊరూరా పొదుపు సంఘాలు పెట్టించింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వ మహిళా సంఘాలు ప్రతి వాడలోకీ వచ్చాయి. అమ్మ వాళ్ల సంఘంలో పద్ధతి సింపుల్. నెలనెలా అందరూ ఒకే మొత్తం కట్టాలి, ఆలస్యమైతే జరిమానా. అవసరం పడితే తీసుకోవచ్చు, కానీ అప్పుగా. పేరు, తేదీ, వడ్డీ పుస్తకంలో ఎక్కుతాయి. బాపుకు ఎరువులకు పైసలు కావాల్సినప్పుడు అమ్మ అట్లనే అప్పు తెచ్చింది, వడ్డీతో కట్టింది. నా గురిగికి లేనిది ఆ పుస్తకమే.

ఈ మాట మహబూబాబాద్‌లో ఉన్న మా అక్కకు చెప్తే, తను వెంటనే బిడ్డకు ఒక నోట్‌బుక్ కొనిచ్చింది. మేనకోడలికి పదకొండేళ్లు. మొన్న మార్చిలో మిర్చి ఏరే కూలీలకు చిల్లర తక్కువై బావ దాని డబ్బాలోంచి 400 తీసుకున్నాడు. అది ఊరుకుంటుందా? "డాడీ, 400, నూటికి రూపాయి" అని రాసి సంతకం పెట్టించుకుంది. మే నెలలో బావ 408 ఇచ్చాడు. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం అని దానికి ఎవరూ చెప్పలేదు, తనే లెక్కేసుకుంది. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వచ్చేది 4 శాతమే అని తెలిశాక "మామా, డాడీకి అప్పిచ్చుడే నయం" అంటోంది!

పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే 500 రూపాయలతో సేవింగ్స్ ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. నెలకు 100 నుంచి ఆర్‌డీ కూడా ఉంది. ఐదేళ్లు 6.7 శాతం వడ్డీతో కట్టే 6,000 దాదాపు 7,100 అవుతుంది (కొత్త ఖాతాలకు వడ్డీ రేటును మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, వెళ్లే ముందు చూసుకోండి). పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోనివ్వొచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ కూడా బ్యాంకులకు మళ్లీ చెప్పింది. ఎంత వరకన్నది బ్యాంకు ఇష్టం. సుకన్య సమృద్ధి మంచి స్కీమే, కాదనను. కానీ బిడ్డకు 18 ఏళ్లొచ్చేదాకా ఆ ఖాతా నడిపేది తల్లిదండ్రులే. అది పిల్లల కోసం మనం చేసే పొదుపు, పిల్లలు చేసే పొదుపు కాదు. రెండూ ఒకటే అనుకుంటేనే చిక్కు.

భూపాలపల్లిలో మా మేనమామ సింగరేణి కార్మికుడు. దసరా ముందు లాభాల వాటా పడ్డప్పుడల్లా కొడుక్కి కొంత ఇస్తాడు. ఎట్లా? "నీ పైసలు నా ఫోన్ల ఉన్నయ్ తియ్" అని. పదమూడేళ్ల ఆ పిల్లగాడికి అవి కనిపించవు, లెక్క లేదు, అడిగితే "ఇప్పుడెందుకు నీకు?" అంటారు. దాంతో వాడు చేతికి నోటొస్తే సాయంత్రానికి చిప్స్, కూల్‌డ్రింక్ చేసేస్తున్నాడు. "వీనికి పైసల విలువ తెల్వది" అని మామ బాధ. నాకైతే వాడిలో పన్నెండేళ్ల నేనే కనిపించాను. మట్టి గురిగి పోయి ఫోన్ వచ్చింది, అంతే తేడా. వాడికి ఖాతా తెరిపిద్దామని మామను ఒప్పించే పనిలో ఉన్నాను. "ఉన్నదంత తీసేస్తే?" అని ఆయన భయం. తీయనివ్వండి అంటాను. 300 రూపాయలతో చేసే తప్పు చౌక. నేను చేసింది క్రెడిట్ కార్డుతో.

పోయిన బతుకమ్మకు అందరం జనగామలో కలిశాం. మేనకోడలి నోట్‌బుక్ చూసి బాపు చాలాసేపు నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ సైకిల్ పైసలు ఎంతుండెరా అప్పుడు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అది పెన్ను తీసింది. "తాతా, ముందు అసలు ఎంతో చెప్పు. వడ్డీ నేను చూస్త."