గట్టుమీది డబ్బా

వ్యర్థములలో అపాయకరమేదో నిర్ణయించుటకు 2016 నాటి కేంద్ర నియమావళి ముఖ్యముగ రెండు మార్గముల నేర్పరచినది. మొదటి పట్టికలో కర్మాగార ప్రక్రియలున్నవి. వానినుండి వెడలిన మడ్డి పుట్టుకచేతనే అపాయకరము. రెండవ పట్టిక పరిమాణమును జూచును: పరీక్షాద్రవములోనికి లీటరునకు 5 మిల్లీగ్రాముల సీసమో, 0.2 మిల్లీగ్రాముల పాదరసమో దిగినచో ఆ వ్యర్థము అపాయకరమే.

మరి బుగ్గారము వరిపొలపు గట్టున పడియున్న పురుగుమందు డబ్బా మాటయేమి? విషరసాయనమంటిన ఖాళీపీపా కర్మాగారమున నున్నచో మొదటి పట్టికలోనిదే; యజమాని ప్రభుత్వమునకు లెక్క చెప్పవలసినదే. పురుగుమందు డబ్బా ఇంటియొద్ద నున్నచో, అదే యేటి ఘనవ్యర్థ నియమములు దానిని విరిగిన జ్వరమాపకముతో జతపరచి గృహసంబంధమైన అపాయకర వ్యర్థమన్నవి. గట్టుమీదిది కర్మాగారముది కాదు, ఇంటిదియు కాదు. విషమొక్కటే, చిరునామా మాత్రమే మారినది!

1971 నాటి క్రిమిసంహారక నియమములు డబ్బాను పగులగొట్టి నివాసములకు దూరముగ పాతిపెట్టుమన్నవి. ఆ నేలక్రింది నీటిని పరీక్షించువారెవరు?

వర్గీకరణమనగా పేరిడుట మాత్రమే కాదు, బాధ్యుని నిర్ణయించుట. అమ్మినవాడే ఖాళీడబ్బాను తిరిగి గైకొను కట్టుబాటు ప్రతి పల్లెకును రావలెను. అందాక, భూవసతిగల పెద్దలారా, మన పొలమున పనిచేయు కూలివాడు ఆ డబ్బాతో నీరు ముంచుకొనకుండ జూచుట మన ధర్మము.