గోడ మీది బొమ్మ నదిని బతికిస్తదా?

సద్దుల బతుకమ్మ దగ్గరికొస్తే మన ఊర్లల్ల ఏం చేస్తరు? చెరువుకు పొయ్యే తొవ్వల ముండ్ల చెట్లు కొడ్తరు. కట్ట మీద లైట్లు కడ్తరు. నీళ్లల్లకు దిగే కాడ చెత్త తీస్తరు. ఎందుకంటే ఆడబిడ్డలు పూలు పేర్చుకొని, పాట పాడుకుంట అక్కడికి వస్తరు. నలుగురు వచ్చే కాడ చెత్త పొయ్యాలంటే ఎవ్వనికైనా జర సిగ్గనిపిస్తది. ఎవ్వరూ రాని కాడ అడిగేటోడే ఉండడు.

పట్నంల నదులు పాడైంది కూడా ఇట్లనే. నది ఒక్కరోజుల చచ్చిపోదు. ముందుగాల జనం దానికి వీపు తిప్పుతరు. తర్వాత మోరీలు అటు మళ్లుతయి. మరి దాన్ని మళ్ల బతికియ్యాలంటే ముందు జనం మొఖం అటు తిప్పాలె. ఈ పని బొమ్మలు, ఆటపాటలు ఎట్ల చేస్తయో, ఎంతవరకు చేస్తయో తెలుసుకోవాలంటే అమెరికాల లాస్ ఏంజిల్స్ నది ముచ్చట చూడాలె.

'టెర్మినేటర్ 2' సినిమా చూసిన్రా? ఒక పెద్ద లారీ సిమెంటు కాలువల పిలగాని బైక్ వెంట పడ్తది. ఆ పట్నంల నది, అండ్ల కలిసే వాగులు చానా మటుకు అట్లనే ఉంటయి. 1781ల ఆ ఊరు పుట్టిందే ఆ నది ఒడ్డున. అంతకుముందు నుంచే అక్కడ టోంగ్వా ఆదివాసులు బతికిన్రు. 1913ల దూరం నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకున్నంక ఊరికి నదితోని అవసరం తగ్గింది. 1938ల పెద్ద వరదొచ్చి వందకు పైగా మంది చనిపోయిన్రు. దాంతోని సైన్యం ఇంజినీర్ల విభాగం దిగింది. 82 కిలోమీటర్ల నదిల ఎక్కువ భాగం సిమెంటు పోసి, కంచె వేసిన్రు. వరద కట్టడైంది, అది నిజం. కానీ ఇగ దాన్ని నది అనేటోడే లేకుండ పోయిండు. సర్కారు కాయితాలల్ల అది 'వరద నియంత్రణ కాలువ'.

1974ల అదే ఇంజినీర్ల విభాగం, ఆ నదిల కలిసే తుహంగా వాష్ అనే వాగు కాడ పార్కు పని పెట్టుకొని, సిమెంటు గోడకు బొమ్మలు వెయ్యమని జూడీ బాకా అనే చిత్రకారిణిని అడిగింది. ఆమెది మెక్సికో మూలాలున్న కుటుంబం. గోడకు రంగు పూసి చేతులు దులుపుకోవచ్చు. ఆమె అట్ల చెయ్యలే. ఈ నేల మీద బతికినోళ్ల చరిత్ర అంతా ఈ గోడ మీదికి రావాలె, దాన్ని ఇక్కడి పిలగాండ్లే గియ్యాలె అని పట్టుబట్టింది.

1976 ఎండకాలంల 80 మంది పిలగాండ్లు పనిల దిగిన్రు. పోలీసు కేసులల్ల ఇరుక్కున్న పోరగాళ్లను కూడా ఏరి తెచ్చిన్రు. వాళ్ల తోడు 10 మంది కళాకారులు, 5 మంది చరిత్రకారులు. వానకాలంల కాలువల నీళ్లు పారుతయి కాబట్టి ఎండకాలంలనే పని. ముందు చరిత్ర తెలుసుకునుడు, మాట్లాడుకునుడు. తర్వాత కాయితం మీద బొమ్మ. ఆ తర్వాత గోడ మీద గళ్లు కొట్టి పెద్దగ గీసుడు. మొదటి ఏడు 1,000 అడుగులు అయింది. 1983 దాకా ఐదు ఎండకాలాలల్ల 400 మందికి పైగా పిలగాండ్లు పనిచేసిన్రు. 13 అడుగుల ఎత్తు, 2,754 అడుగుల పొడుగు గోడ తయారైంది. 'గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజిల్స్' అని దాని పేరు.

ఆ గోడ మీద ఏముంది? బడి పుస్తకాలల్ల దొరకని మనుషులున్నరు. ఆదివాసులు, రైలు పట్టాలు వేసిన చైనా కూలోళ్లు, రెండో ప్రపంచ యుద్ధంల క్యాంపులల్ల బంధించిన జపాన్ మూలాల కుటుంబాలు, 1930లల్ల రైలెక్కించి మెక్సికోకు తోలేసినోళ్లు, బేస్‌బాల్ స్టేడియం వచ్చిన జాగల ఇండ్లు పోగొట్టుకున్నోళ్లు. ఎవ్వరూ చూడని మురికి కాలువల వీళ్ల మొఖాలు కనబడంగనే జనం కంచె కాడ ఆగి కిందికి చూసుడు మొదలుపెట్టిన్రు. 2017ల ఆ గోడ అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాల చేరింది.

అయితే ఒక్కటి సాఫ్‌గా చెప్పుకోవాలె. ఆ బొమ్మలు ఒక్క చుక్క నీళ్లను కూడా శుద్ధి చెయ్యలే. రంగు మురుగును ఆపదు. అది చేసిన పని వేరే. 'ఇది మాది' అని చెప్పుకునే మనుషులను తయారుచేసింది.

అట్ల చెప్పుకున్నోళ్లల్ల ఇంకొకడు లూయిస్ మెక్ఆడమ్స్ అనే కవి. 1985ల దోస్తులతోని కలిసి కంచెను కత్తిరించి నదిలకు దిగిండు. నాటకం వేసిండు, కవిత్వం చదివిండు, నది తరఫున మాట్లాడుత అన్నడు. నదిని బతికిచ్చుడు 40 ఏండ్ల కళాకార్యం అని పేరు పెట్టిండు. మొదట్ల జనం నవ్విన్రు. కానీ ఆయన పెట్టిన సంఘం ఏటేటా జనాన్ని పోగుచేసి నదిల చెత్త ఎత్తించింది. అధికారులు 'కాలువ' అంటే వీళ్లు 'నది' అని దిద్దుకుంట పోయిన్రు.

ఆ ఒక్క మాట కోసం కొట్లాట ఎందుకు? కాలువ అయితే అది ఇంజినీర్ల సొత్తు. నది అయితే దానికి చట్టం ఉంటది. 2008ల కొంతమంది మూడు రోజులు చిన్న పడవలేసుకొని నది పొడుగునా పోయి చూపిచ్చిన్రు. 2010ల అక్కడి పర్యావరణ సంస్థ ఇది పడవలు నడిచే నదే అని తేల్చింది. దాంతోని దేశంల శుద్ధ జలాల చట్టం కాపుదల మొత్తం నదికి, అండ్ల కలిసే వాగులకు గట్టిపడ్డది. అంతకుముందు 2007ల పట్నం సర్కారే నది పునరుద్ధరణకు పెద్ద ప్లాన్ వేసింది. పార్కులు, సైకిల్ తొవ్వలు వచ్చినయి. అట్లని అంతా బాగైందనుకోవద్దు. నదిల ఎక్కువ భాగం ఇప్పటికీ సిమెంటే. ఎండకాలంల పారే నీళ్లల్ల ఎక్కువ శుద్ధి చేసిన మురుగు నీళ్లే.

ఇంకో దెబ్బ కూడా ఉంది. ఒడ్డు అందంగ కాంగనే భూమి ధర లేచింది. నది పక్కన ఫ్రాగ్‌టౌన్ అనే పాత కూలోళ్ల బస్తీ ఉన్నది. అక్కడ కిరాయిలు పెరిగి, నది కంపు కొట్టినప్పుడు అక్కడ బతికినోళ్లే నది బాగైనంక ఉండలేని గతి వచ్చింది.

ఇప్పుడు మన మూసీ కాడికి రండ్రి. అనంతగిరి గుట్టలల్ల పుట్టి, వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. 1908ల వరదొచ్చి వేల మందిని మింగితే, గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. అక్కడా వరద తర్వాతనే పట్నం నదికి దూరమైంది, ఇక్కడా అంతే. తర్వాత మనం మూసీల మురుగు వదిలినం. ఆ నీళ్లే పోచంపల్లి, వలిగొండ దిక్కు వరి పొలాలకు పారుతున్నయి. కాబట్టి ఇది పట్నపోళ్ల ముచ్చట ఒక్కటే కాదు, మన కంచంల ముచ్చట.

2024 సెప్టెంబర్‌ల మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్ నగర్ అసొంటి బస్తీలల్ల ఇండ్ల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతోని 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసిన్రు. ఈ ఇల్లు నదిల ఉన్నది, తీసేస్తం అని దాని అర్థం. డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇస్తమన్నరు. కొందరు పోయిన్రు, కొందరు కొట్లాడిన్రు. లాస్ ఏంజిల్స్‌ల గోడ మీది రంగు 'వీళ్లు ఇక్కడ బతికిన్రు' అని చెప్పింది. ఇక్కడ గోడ మీది రంగు 'మీరు లేవుండ్రి' అన్నది.

మూసీ బాగుపడొద్దని ఎవ్వరూ అనరు. వరదల మునిగే ఇంట్ల పిల్లలను పెట్టుకొని బతుకుడు సుఖమని కూడా ఎవ్వరూ అనరు. కానీ రేపు ఒడ్డు మీద రంగురంగుల గోడలు, ఫౌంటెన్లు వస్తే మనం అడగాల్సినయి మూడు ఉన్నయి. ఆ బొమ్మ గీసింది ఎవరు? ఆ బొమ్మల ఉన్నది ఎవరు? అది గీసినంక ఆ ఒడ్డున ఉండేది ఎవరు? ఈ మూడింటికి జవాబు అక్కడి బస్తీ జనం అయితే అది మన కళ. కాకుంటే అది ప్లాట్లు అమ్ముకునేటోళ్ల బోర్డు.

తెలంగాణ కొట్లాటల ధూంధాం ఏం చేసిందో మీ అమ్మానాయినలను అడుగుండ్రి. పాట వచ్చినంకనే జనం వచ్చిన్రు. నీళ్ల కొట్లాట కూడా అంతే. మీ ఊరి వాగు కాడికి ఈ ఆదివారం పోండ్రి. అండ్ల ఈత కొట్టిన, చాపలు పట్టిన, బట్టలు ఉతికిన ముసలోళ్ల మాటలు ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి. బడి గోడ మీద మీ వాగు బొమ్మ గియ్యుండ్రి, ఆ మనుషుల పేర్లు పెట్టుండ్రి. రేపు ఎవ్వడన్నా ట్రాక్టర్‌తోని ఇసుక తోడనీకె, చెత్త పొయ్యనీకె వస్తే అడగనీకె ఊర్ల నలుగురన్నా ఉంటరు.