సన్నని రేణువు, బరువైన విషం

నానో యూరియా 2021లో, నానో డీఏపీ 2023లో మన రైతుల చేతికి వచ్చాయి. ఇప్పుడు నానో జింకు, నానో రాగి మందుల మాట కూడా వినపడుతోంది. అర లీటరు సీసా, మోత తక్కువ. బాగానే ఉంది. కానీ కాలువ నీటి మీద, చెరువు చేప మీద బతికే డెల్టా రైతు ఒక సంగతి తెలుసుకోవాలి. లోహంతో చేసిన నానో రేణువులు, నీటిలోని కాడ్మియం, సీసం వంటి భారలోహాలు కలిస్తే, విడివిడిగా చేసే కీడు కన్నా ఎక్కువ కీడు జరగవచ్చు.

నానో అంటే ఎంత?

మిల్లీమీటరును 10 లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల రేణువులే నానో రేణువులు. బెల్లం అచ్చు కన్నా బెల్లం పొడి త్వరగా కరుగుతుంది గదా! ముక్క చిన్నదయ్యేకొద్దీ నీరు తగిలే చోటు పెరుగుతుంది. అలాగే నానో రేణువు చుట్టూ భారలోహాలు అతుక్కోవడానికి చోటు బాగా ఎక్కువ. అతుక్కున్న లోహాన్ని రేణువు పల్లకీలా మోసుకుని జీవి ఒంట్లోకి చేరుస్తుంది.

బంగారుతీగ చేపలో తేలిందేమిటి?

చైనా శాస్త్రవేత్తలు 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాడ్మియం కలిపిన నీటిలో బంగారుతీగ చేపలను 25 రోజులు పెంచారు. టైటానియం డయాక్సైడు నానో రేణువులు కూడా వేసిన నీటిలోని చేపల ఒంట్లో కాడ్మియం 146 శాతం ఎక్కువ చేరింది. అంటే దాదాపు రెండున్నర రెట్లు. మొప్పల్లో, లోపలి భాగాల్లో బాగా పేరుకుంది. మామూలు ఒండ్రు రేణువులు వేస్తే అంత తేడా రాలేదు.

అన్నిసార్లూ ఇలాగే అవుతుందని కాదు. జింకు, కాడ్మియం ఒకదానితో ఒకటి పోటీపడతాయి. నానో జింకు వాడితే వరిలో, గోధుమలో కాడ్మియం తగ్గిన ప్రయోగాలూ ఉన్నాయి. నానో యూరియాలో ఉండేది నత్రజని, లోహం కాదు. చేప ప్రయోగాన్ని దానికి అంటగట్టవద్దు.

ఎందుకు భయపడాలి?

కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీస్తుంది. జపానులో జింజు నది నీటితో పండిన బియ్యం తిని జనం ఎముకల జబ్బు పడ్డారు. అది కాడ్మియం వల్లేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. సీసం పిల్లల మెదడుకు చేటు. మన ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం వెళ్లింది. అక్కడ నానో మందుల ప్రసక్తి లేదు. కానీ ఒంట్లోకి విషం ఒక్కటే రాదని ఆ ఘటన గుర్తుచేస్తుంది.

మీరు చేయవలసినవి

1. స్ప్రేయరును, మందు సీసాలను కాలువలో, బోదెలో, చేపల చెరువులో కడగవద్దు. కడిగిన నీళ్లు మందు కొట్టిన చేలోనే పోయండి.

2. వరి ఆకు మీద తుప్పు మచ్చలు కనిపించి, జింకు లోపమని తేలితేనే జింకు వాడండి. జింకు సల్ఫేటు అయితే లీటరు నీటికి 2 గ్రాములు చాలు. పురుగుమందుతో కలపవద్దు.

3. పట్నం చెత్తతో చేసిన కంపోస్టు కొంటే పరీక్ష కాగితం అడగండి. కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది.

4. భూసార కార్డులో ఉండేవి 12 అంశాలే. వాటిలో కాడ్మియం, సీసం లేవు. ఫ్యాక్టరీ మురుగు పారే చోట చేను ఉంటే ఈ పరీక్ష విడిగా చేయించాలి.

5. కాడ్మియం ఉందని తేలిన చేలో ఈనిక నుంచి గింజ గట్టిపడేదాకా నీరు తీయవద్దు. మడి ఆరితే కాడ్మియం వేరుకు అందుతుంది. ఆర్సెనిక్ ఉన్న చేలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, నీరు నిలిస్తే అది పెరుగుతుంది. అందుకని ముందు పరీక్ష, తర్వాతే నీటి యాజమాన్యం.