అన్నపూర్ణ కొండల్లోకి ఆరు అట్టపెట్టెలు

సెలవు దొరికితే గల్ఫ్‌లోని మనవాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. సామాను సర్దుకోవడం, ఊరికి పోవడం. రెండేళ్లకోసారి వచ్చే ఆ సెలవులోంచి పది రోజులు పక్కకు తీసి నేపాల్ కొండలెక్కి వస్తామంటే మా ఇళ్లల్లోనే చాలామంది నవ్వారు. అయినా 2023 నవంబర్‌లో మేం తొమ్మిది మందిమి ఖతార్ నుంచి బయలుదేరాం. నిజామాబాద్, జగిత్యాల వాళ్లం ఐదుగురం, శ్రీకాకుళం వాళ్లు ముగ్గురు, కోనసీమ నుంచి ఒకరు. డ్రైవర్లు, ఏసీ మెకానిక్‌లు, స్కఫోల్డింగ్ పనివాళ్లు. కొండలెక్కిన అనుభవం మాలో ఎవరికీ లేదు, నిజామాబాద్ వాళ్లు మాటిమాటికీ మాలావత్ పూర్ణ పేరు చెప్పుకోవడం తప్ప! 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన అమ్మాయి వాళ్ల జిల్లాదే మరి.

నేపాలే ఎందుకంటే, నేపాలీలు లేని క్యాంపు గల్ఫ్‌లో ఎక్కడుంది? పక్క పక్క మంచాలు, ఒకే బస్సు, ఒకే ఎండ. మా గదిలో ఉండే లమ్‌జుంగ్ జిల్లా కుర్రాడు మాతో ఉండి ఉండి ‘అన్నా’ అనడం నేర్చుకున్నాడు. మాకు వాడు తమ్ముడు. వాడి కూతురు మూడో తరగతి. ట్రెక్కింగ్ మాట ఎత్తగానే వాడు అడిగింది ఒక్కటే. “మా ఊరి మీదుగా పోండి అన్నా. బడికి నాలుగు కథల పుస్తకాలు పట్టుకుపోండి.” వాడూ మాతో రావాల్సింది. సెలవు మంజూరు కాలేదు. వాడి ఊరికి వాడు లేకుండా మేం పోయాం.

ఆ కొండల్లోకి పుస్తకాలు మోయడం కొత్త సంగతేం కాదు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1961లో ఖుమ్‌జుంగ్‌లో షెర్పా పిల్లలకు బడి కట్టించాడు. 1998లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి జాన్ వుడ్ అన్నపూర్ణ చుట్టూ నడుస్తూ లమ్‌జుంగ్‌లోని బాహున్‌డాండా బడికి వెళ్లాడు. అక్కడ లైబ్రరీ పేరుతో ఉన్నది తాళం వేసిన బీరువా. అందులో ట్రెక్కర్లు చదివి వదిలేసిపోయిన పెద్దవాళ్ల నవలలు, అలాంటివే మరికొన్ని. పిల్లలు చదివేది ఒక్కటీ లేదు. పిల్లలు పాడుచేస్తారని వాటికే తాళం! మరుసటి ఏడాది ఆయన తండ్రితో కలిసి పిల్లల పుస్తకాలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. తర్వాత ఉద్యోగం మానేసి 2000లో ‘రూమ్ టు రీడ్’ సంస్థ మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ పుస్తకాలు తెచ్చి పెట్టినంత మాత్రాన సరిపోదని ఆ సంస్థకు త్వరలోనే అర్థమైంది. నేపాలీ రచయితలతో, చిత్రకారులతో అక్కడి భాషలోనే పుస్తకాలు వేయించడం మొదలుపెట్టింది.

మేం పట్టుకున్నది ఆ కొసనే. ముందు తమ్ముడి చేత బడి హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేయించాం. మాకొచ్చిన హిందీ, ఆయనకొచ్చిన హిందీ కలిపి పని జరిపించాం. పాఠ్యపుస్తకాలు వద్దన్నాడాయన. సర్కారు బడుల్లో అవి ఉచితంగా వస్తాయి. పాత ఇంగ్లిష్ నవలలు అసలే వద్దు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు పెద్దక్షరాల నేపాలీ కథలు కావాలి, బొమ్మలుండాలి, ఒక్కోటి రెండేసి కాపీలైతే మేలు. పెద్ద ఇంగ్లిష్–నేపాలీ నిఘంటువులు రెండు. బీరువా మాత్రం వద్దు, పిల్లాడి చెయ్యి అందే ఎత్తులో చెక్క అరలు చాలన్నాడు. ఆ అరలకు డబ్బు ముందే పంపితే ఊరి వడ్రంగే చేసిపెట్టాడు.

దోహాలో అట్టపెట్టెలు కట్టి విమానానికి అదనపు బరువు డబ్బులు పోయడం దండగ. పుస్తకాలన్నీ కాఠ్మాండూలోనే కొన్నాం. రాతో బంగలా కితాబ్ లాంటి అక్కడి ప్రచురణకర్తలు పిల్లల పుస్తకాలు చక్కగా వేస్తున్నారు. పలచటి బొమ్మల పుస్తకం వంద గ్రాములకు అటూ ఇటూ. పెట్టెకు ఇరవై కిలోలు మించకుండా ఆరు పెట్టెలయ్యాయి. మాలో ఒకాయన ఫ్లెక్సీ బ్యానర్ కొట్టిద్దామన్నాడు. ఎనిమిది ఓట్లతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

కాఠ్మాండూ నుంచి డుమ్రే మీదుగా బేసిసహర్‌కు బస్సులో దాదాపు పగలంతా ప్రయాణం. అక్కడ తలెత్తితే 6,983 మీటర్ల లమ్‌జుంగ్ హిమాల్. మంచుకొండను మొదటిసారి చూసిన శ్రీకాకుళం తమ్ముడు పది నిమిషాలు మాట్లాడలేదు, అది మాకు ఇంకో వింత. భుల్‌భులే దాకా జీపు, ఆపైన మర్స్యాంగ్‌డీ నది పక్కన నడక. తమ్ముడి ఊరు రోడ్డు నుంచి మూడు గంటల ఎక్కుడు. పెట్టెలు కంచరగాడిదల మీద ముందు పోయాయి. మేం ఆగుతూ, ఆయాసపడుతూ వెనక. నలభై అంతస్తుల బిల్డింగుకు స్కఫోల్డింగ్ కట్టిన చేతులే, కాళ్లు మాత్రం మాట వినలేదు.

బడి దగ్గర బంతిపూల దండలు వేశారు. దసరా, దీపావళి మనలాగే వాళ్లకీ పెద్ద పండుగలు. దశైం, తిహార్ అంటారు. ఆ రోజుల్లో బళ్లు మూసేస్తారు కాబట్టే పండుగలు వెళ్లాక పోయాం. శనివారం కూడా బడి ఉండదు, పోయేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఉపన్యాసాలు క్లుప్తంగా కానిచ్చి పెట్టెలు విప్పాం. పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది గురుంగ్ భాష, బడిలో చదివేది నేపాలీ. లిపి దేవనాగరి. బడిలో హిందీ చదువుకున్న పుణ్యాన మేమూ కూడబలుక్కుని చదవగలం. కోనసీమ ఆయన ఒక పుస్తకం తీసి గట్టిగా చదివాడు. ఆ ఉచ్చారణకు పిల్లలు పడీ పడీ నవ్వారు. ఓ పిల్ల వచ్చి పుస్తకం లాక్కుని ఎలా చదవాలో చదివి చూపించింది. తమ్ముడి కూతురే. అప్పటిదాకా మమ్మల్ని దూరం నుంచే చూసింది.

ఆ ఊళ్లో మగవాళ్లు తక్కువ కనిపించారు. వెనకటికి ఈ కొండల్లోని మగవాళ్లు లాహోర్ పోయి సైన్యంలో చేరేవారట. అందుకే పరదేశం పోయినవాణ్ని నేపాలీలు ఇప్పటికీ ‘లాహురే’ అంటారు, ఏ దేశం పోయినా సరే. కువైట్ పోయినా, మస్కట్ పోయినా మన ఊళ్లల్లో ‘దుబాయి పోయిండు’ అనరూ! ఇప్పటి లాహురేలు ఖతార్‌లో, మలేషియాలో ఉన్నారు. తరగతి గదిలో హెడ్‌మాస్టర్ “నాన్న విదేశంలో ఉన్నవాళ్లు?” అంటే సగానికి పైగా చేతులు లేచాయి. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా పిల్లల బళ్లల్లోనూ ఇలాగే లేస్తాయి చేతులు.

పుస్తకాలు ఇంటికి ఇవ్వాలా, బడిలోనే ఉంచాలా అన్నదానిపై కాసేపు చర్చ నడిచింది. చిరిగిపోతాయని ఒక మాస్టారి భయం. చిరిగితే చిరగనివ్వండి, రిజిస్టర్లో రాసి ఇవ్వండి అన్నాం. పుస్తకాలను చదివేవాళ్ల దగ్గరికి తీసుకుపోవడం మన దగ్గరా ఉంది కదా. 1935లోనే పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలవ మీద పడవలో లైబ్రరీ నడిపించారు. ఆ కథ మా హిందీలో ఆయనకు ఎంత అర్థమైందో గానీ, వారానికో పుస్తకం ఇంటికి ఇవ్వడానికి హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నాడు.

మిగతా నడక గురించి ఎక్కువ చెప్పం, అది ఎవరికి వాళ్లు చూడాల్సిందే. బాహున్‌డాండా, జగత్, చామ్‌జే దాటి 1,700 మీటర్ల ఎత్తున నది ఒడ్డునున్న తాల్ దాకా పోయి వెనక్కి తిరిగాం. అంత ఎత్తులో గాలి చాలక ఇబ్బంది పడటం ఉండదు. 5,416 మీటర్ల థొరోంగ్ లా దాటాలంటే మాత్రం మరింత సెలవు కావాలి. 2023 ఏప్రిల్ నుంచి ఇలాంటి దారుల్లో విదేశీ ట్రెక్కర్లకు లైసెన్సున్న గైడు తప్పనిసరి. అన్నపూర్ణ ప్రాంతానికి పర్మిట్ కూడా తీసుకోవాలి, సార్క్ దేశాలవాళ్లకు అది తక్కువకే వస్తుంది. దారిలో పిల్లలకు పెన్నులు, చాక్లెట్లు పంచకండి. చెయ్యి చాపడం అలవాటవుతుందని ఊళ్లవాళ్లే వద్దంటున్నారు.

దోహా తిరిగొచ్చాక మా గదిలో ఒక మార్పు వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా టీవీ సౌండ్ తగ్గిస్తున్నాం. ఫోన్‌లో ఆ పిల్ల చదువుతుంటుంది, తమ్ముడు మంచం మీద వెల్లకిలా పడుకుని వింటుంటాడు. ఎక్కడైనా అక్షరం తప్పితే వాడు దిద్దడు. మళ్లీ చదవమంటాడు, అంతే. అంతకుముందు “తిన్నావా, బడికి పోయావా” తర్వాత మాటలు అయిపోయేవి. మాలో ఇద్దరు ఇప్పుడు తమ ఊళ్లల్లోని పిల్లలకు తెలుగు కథల పుస్తకాలు కొని పంపారు.

హెడ్‌మాస్టర్ నెల నెలా రిజిస్టర్ ఫొటో పంపిస్తున్నాడు. కొన్ని పుస్తకాలు అప్పుడే చిరిగాయి, వాటిని పిల్లలే మైదాపిండితో అతికించుకున్నారట. తర్వాతి విడత కోసం కొత్త జాబితా కూడా వచ్చింది. అందులో కథల పుస్తకాలకంటే ముందు రాసింది గీతల్లేని తెల్ల నోటుబుక్కులు, రంగు పెన్సిళ్లు. ఇళ్లల్లో అమ్మమ్మలు గురుంగ్ భాషలో చెప్పే కథలు పిల్లలు రాసి, బొమ్మలు వేస్తారట. ఒక అర ఖాళీ పెట్టి ఉంచారు.