రాయి పోయింది... కిడ్నీ సంగతో?

వేసవిలో కడప జిల్లా వేముల, పులివెందుల వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చీనీ తోటల్లో పాదులు తీసేవాళ్లు, అరటి గెలలు లారీకెత్తేవాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్లు తాగిన నీళ్లలో చాలా భాగం చెమటగానే పోతుంది. మిగిలిన కాస్త మూత్రం చిక్కబడుతుంది. అందులోని కాల్షియం, ఆక్సలేటు కలిసి పలుకులు కడతాయి, పలుకులు పెరిగి రాళ్లవుతాయి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర చూసి, ఆ సున్నమే కడుపులో రాయైందని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. నిజానికి తాగిన నీళ్లకంటే తాగని నీళ్లు చేసే చెరుపే ఎక్కువ.

నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి వచ్చిందంటే ముందు కొండపిండాకు కషాయం, ఉలవకట్టు. తగ్గకపోతే మందుల షాపులో నొప్పి మాత్ర. నొప్పి పోతే రాయీ పోయిందని పనిలోకి వెళ్లిపోతారు. కిడ్నీకి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. రాయి పడిపోయినా నొప్పి తగ్గుతుంది, మూత్రనాళంలో అది అలాగే ఇరుక్కుని ఉన్నా కొన్నాళ్లకు తగ్గుతుంది. రెండో సందర్భంలో కిడ్నీ ఉబ్బి, లోపలి ఒత్తిడికి వడపోత తగ్గించేసుకుంటుంది. పూర్తిగా మూసుకుపోయిన కిడ్నీ ఒకటి రెండు వారాల్లో అడ్డం తొలగితే చాలావరకు కోలుకుంటుంది. నెలలు గడిస్తే ఆపరేషన్ ఎంత గొప్పగా చేసినా పోయిన పని తిరిగి రాదు.

ఇంత తాత్సారానికి ఒక కారణం కోత భయం. మన పెద్దల కాలంలో రాయి తీయాలంటే పక్క పొడుగునా కోసేవారు. 1976లో స్వీడన్ వైద్యులు వీపు మీద చిన్న రంధ్రంలోంచి రాయి తీసి చూపించారు. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో ఒంటి మీద గాటే లేకుండా తరంగాలతో రాయిని పిండి చేశారు. ఆ తర్వాత మూత్రమార్గం గుండానే సన్నటి గొట్టం పంపి లేజర్‌తో పొడి చేసే పద్ధతి వచ్చింది. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీలో కూడా ఈ చికిత్సలున్నాయి.

అయినా కిడ్నీకి రంధ్రం పెడితే అది పాడవదా అని అందరూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పెద్ద రాళ్లకు వీపు మీద రంధ్రంలోంచి చేసే పీసీఎన్ఎల్‌లో రోగిని సాధారణంగా బోర్లా పడుకోబెడతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, రక్తనాళాలు తక్కువుండే చోటు ఎంచి, మూత్రం చేరే చిన్న గిన్నెలాంటి అర కొనలోకి సూది దించుతారు. ఆ దారినే మెల్లగా వెడల్పు చేస్తారు. మామూలు పద్ధతిలో అది సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మినీ పద్ధతిలో 5, 6 మిల్లీమీటర్లు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత విభాగాలుంటాయి. మానిన తర్వాత ఆ దారి మిగిల్చే మచ్చ మొత్తం కిడ్నీ కణజాలంలో ఒక శాతం కూడా ఉండదు. అడ్డం తొలగడం వల్ల పెరిగే పని, ఈ మచ్చ వల్ల తగ్గే పనికంటే తరచుగా ఎక్కువే. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ప్రమాదాలు లేకపోలేదు. అందుకే ముందే మూత్రం కల్చర్ చేసి, సూక్ష్మజీవులుంటే మందులిచ్చాకే ఆపరేషన్‌కు దిగుతారు. షుగరు, బీపీ, అంతకుముందే తగ్గిన కిడ్నీ పని, ఒక్కటే కిడ్నీ ఉండటం... ఆపరేషన్ తర్వాతి ఫలితాన్ని నిర్ణయించడంలో రంధ్రం కంటే వీటి పాత్రే పెద్దది.

డిశ్చార్జి నాడు చేతికిచ్చే కాగితంలో కిడ్నీ పనిని తెలిపే క్రియాటినిన్ అంకె చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆ అంకె పూర్తి భరోసా కాదు. ఒక కిడ్నీ దాదాపు పనిచేయకపోయినా, రెండోది బాగుంటే క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. కిడ్నీ దానం చేసినవాళ్లు ఆరోగ్యంగా తిరుగుతున్నది అందుకే. బాగా ఉబ్బిన కిడ్నీ విషయంలో ఏ కిడ్నీ ఎంత వాటా పనిచేస్తోందో చెప్పేది డీటీపీఏ స్కాన్. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత కొన్ని నెలలకు ఇంకోసారి చేయించి రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

స్టెంట్ వేసి ఉంటే అదే కాగితంలో చివరెక్కడో ఇంకో వాక్యం ఉంటుంది: డీజే స్టెంట్ తీయించుకోవాల్సిన తేదీ. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపల ఉంచే సన్నటి మెత్తటి గొట్టమది. కొన్ని వారాలకు తీసేయాలి. నొప్పి లేదు కదా అని పనుల్లో పడి మరిచిపోయినవాళ్లకు ఆ గొట్టం చుట్టూనే మళ్లీ రాయి పేరుకుంటుంది. రాయి తీయించుకుని, గొట్టం మరిచి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారంటే గుండె తరుక్కుపోతుంది. ఇది వందకు వంద శాతం తప్పించగలిగిన నష్టం.

రాయి ఒకసారి వచ్చిన ఒంట్లో మళ్లీ రావడం మామూలే. ఇటలీలో ఐదేళ్లు సాగిన పరిశీలన 1996లో వెలువడింది. మొదటిసారి రాయి వచ్చినవాళ్లలో నీళ్లు బాగా తాగినవాళ్లలో నూటికి 12 మందికే మళ్లీ వచ్చింది, తాగనివాళ్లలో 27 మందికి. రోజూ రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. మన ఎండకు అందుకెన్ని నీళ్లు తాగాలన్నది మూత్రం రంగే చెబుతుంది. కాల్షియం భయంతో పాలు, మజ్జిగ మానేయడం తప్పు. భోజనంలోని కాల్షియం ఆక్సలేటును పేగులోనే పట్టి ఉంచుతుంది. తగ్గించాల్సింది ఊరగాయల్లోని ఉప్పు, అతిగా మాంసం. ఇంటి ముందు కాసే చీనీకాయల్లో సిట్రేటు ఉంటుంది. అది రాయి కట్టకుండా కొంత అడ్డుకుంటుంది. చక్కెర వేయకుండా రసం తాగితే మంచిదే. కిడ్నీ పని బాగా తగ్గి, పొటాషియం పెరిగినవాళ్లు మాత్రం డాక్టరును అడిగే తాగాలి.

వేముల మండలానికి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఇక్కడే. వ్యర్థాల చెరువు పక్క ఊళ్లవాళ్లు తమ బోరు నీళ్ల గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. యురేనియం రాళ్లు కట్టిస్తుందని కాదు. నీళ్లలో పరిమితి మించితే అది కిడ్నీలోని సన్నటి గొట్టాలను రసాయనికంగా దెబ్బతీస్తుంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అసలే ఆపరేషన్ అయిన కిడ్నీ ఉన్నవాళ్లు ఎలాంటి నీళ్లు తాగుతున్నారో ప్రభుత్వం ఊరూరా పరీక్షించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద రాసిపెట్టాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఏడాది రాయి తీసి ఉంటే ఈరోజే ఆ డిశ్చార్జి కాగితం బయటికి తీయండి. స్టెంట్ తేదీ చూడండి. మూడో నెలలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించండి. సొంతంగా నొప్పి మాత్రలు మింగనివ్వకండి. నొప్పి లేకపోయినా ఏడాదికోసారి డాక్టరుకు చూపించండి.