పటంలో కొండదారి: గీతలను చదవడం ఎలా?

ఉద్యోగరీత్యా హోసూరుకు వచ్చిన మనలో పలువురికి ఈ ఊరు చదునైన నేలగానే తోస్తుంది. నిజానికి ఇది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. డెంకణికోట, అంచెట్టి మీదుగా దక్షిణానికి సాగేకొద్దీ నేల కొండలుగా, లోయలుగా విడిపోయి, హొగెనకల్ వద్ద కావేరి ఒడ్డున 300 మీటర్ల లోపుకు దిగుతుంది. ఈ అడవిలో సుమారు 504 చదరపు కిలోమీటర్లను 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

ఇటువంటి నేల స్వరూపాన్ని కాగితంపై చూపేది స్థలాకృతి పటం. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా వీటిని తయారుచేస్తుంది. దక్షిణ భారతాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచే మహాకార్యానికి 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద తొలి ఆధారరేఖను కొలిచారు. 1804లో బెంగళూరు వద్ద మరొకటి కొలిచారు. మన జిల్లా ఈ రెండింటి నడుమ ఉన్నది.

1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరుకు సమానం. అయితే దూరం ఒక్కటే చూసి బయలుదేరడం పొరపాటు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు. ఒకే ఎత్తులోని స్థలాలను కలుపుతాయి. సాధారణంగా ఒక్కొక్క రేఖకు 20 మీటర్ల తేడా. రేఖలు ఎడంగా ఉంటే వాలు తక్కువ, ఒత్తుగా ఉంటే నిట్టనిలువు. ఒక కిలోమీటరు కాలిబాట ఎగువకు పది రేఖలను దాటితే, అరవై అంతస్తుల మేడ ఎక్కినంత శ్రమ. వెంట తీసుకుపోవలసిన నీటిని, చీకటిపడకముందే తిరిగిరావలసిన వేళను ఈ రేఖలే నిర్ణయిస్తాయి.

నీలం ఏడాది పొడవునా ఉండే నీటికి, ఆకుపచ్చ అడవికి, ఎరుపు దారులకు గుర్తు. వానలప్పుడే పారే వాగులను నల్లగా గీస్తారు. వాటిని బాటగా పొరబడి దిగినవారు కొండపై వాన కురిస్తే ప్రవాహంలో చిక్కుకుంటారు. పటం అంచున సర్వే జరిగిన సంవత్సరాన్ని తప్పక చూడండి. నాటి కాలిబాట నేడు పొదలతో మూసుకుపోయి ఉండవచ్చు.

ఏనుగులు ఏ లోయలో తిరుగుతున్నవో ఏ పటమూ చెప్పదు. పటంలో దారి ఉన్నదంటే నడవడానికి అనుమతి ఉన్నదని అర్థం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశించడానికి అటవీశాఖ అనుమతి అవసరం. ముందు అనుమతి పొందండి, పిమ్మట పటం విప్పండి.